పడుకోబెట్టిన రాయి

ఎముకలు యూరియా సంచిలో వచ్చాయి. మంగళవారం పొద్దున్న హెడ్ కానిస్టేబుల్ సర్వేశ్వరరావు ఆ సంచిని మార్చురీ వరండాలో దింపి, గొడుగు దులిపి గోడకి ఆనించి, చూరు నీళ్ళ కింద చేతులు పెట్టి కడుక్కున్నాడు. నాలుగు రోజుల ముసురుకి కాఫీతోట దిగువన వాగు గట్టు విరిగిపడిందనీ, కలుపు తీసేవాళ్ళకి మట్టిలో దవడ కనబడిందనీ, రోజంతా వెతికినా దొరికినవి ఇవేననీ చెప్పాడు.

"పుర్రె లేదా?" అంది అనురాధ.

"లేదు మేడం. నక్కలో, వాగో. బేగి ఒక కాయితం రాసిచ్చేత్తే ఫైలు పైకి తోసేత్తాను. ఆడా, మగా, వయసెంత. అంతే కదా."

అంతే. కొండల మీది ఆ ఏజెన్సీ ఆసుపత్రిలో శవపరీక్షలకి ఉన్న డాక్టరు అనురాధ ఒక్కతే. చుట్టుపక్కల నాలుగు మండలాల్లో ఎవరు ఎలా పోయినా చివరికి ఆమె చేతిరాత మీదుగా పోవలసిందే.

బుధు సంచి విప్పాడు. మార్చురీలో పనిచేసేది అతనొక్కడు. ఈ కొండల మనిషే, నలభై దాటి ఉంటాయి, మాట తక్కువ. గోరువెచ్చని నీళ్ళలో చాకలిసోడా కలిపి, ఎముకల్ని ఒక్కొక్కటే ముంచి, మెత్తటి బ్రష్షుతో మట్టి వదిలించాడు. దవడ దగ్గరికి వచ్చేసరికి బ్రష్షు పక్కన పెట్టి బొటనవేలితో తోమాడు. పళ్ళ సందుల్లో ఇరుక్కున్న మట్టిని చీపురుపుల్లతో తీశాడు. అన్నిటినీ చేటలో పరిచి గాలికి ఆరబెట్టేసరికి మధ్యాహ్నమైంది. ఒక దవడ, ఐదు పక్కటెముకలు, రెండు కొసలూ జంతువులు కొరికేసిన తొడ ఎముక ముక్క. ఇంతే మిగిలింది మనిషి.

కటి ఎముక దొరికితే ఆడో మగో చూడగానే చెప్పవచ్చు. అది లేనప్పుడు పుర్రె. అదీ లేనప్పుడు దవడ. దవడకి కొలతలున్నాయి. అనురాధ బల్లకి ఎదురుగా గోడ మీద ఒక పట్టిక అతికించి ఉంది. ఏ కొలత ఎంత దాటితే మగ, ఎంతకి తగ్గితే ఆడ అని అందులో వరసగా ఉంటుంది. మైదాన ప్రాంతంలో తాను చదువుకున్న కాలేజీ నుంచి తెచ్చుకుని, చెమ్మ తగలకుండా ప్లాస్టిక్ తొడిగించింది.

వెడల్పు కొలిచే కాలిపర్ కొమ్ములు గుడ్డతో తుడిచి, దవడని బల్ల మీద కదలకుండా కూర్చోబెట్టింది. చెవుల కింద ఎముక మలుపు తిరిగే రెండు మూలల మధ్య వెడల్పు నూటరెండు మిల్లీమీటర్లు. పట్టికలో తొంభైఏడు దాటితే మగ. మూలలు రెండూ బయటికి విచ్చుకుని, కండరం పట్టే చోట ఎముక గరుకుగా గట్లు కట్టి ఉంది. అదీ మగ లక్షణమే. పప్పులో ఉప్పు కూడా చెంచాతో కొలిచి వేసే మనిషి ఆమె. మళ్ళీ కొలిచింది. మూడోసారి కొలిచింది. మూడుసార్లూ ఒకే అంకె వస్తే ఆమెకి లోపల ఎక్కడో హాయిగా ఉంటుంది.

పళ్ళు బాగా అరిగి, పింగాణీ కింద పసుప్పచ్చటి పొర బయటపడింది. నలభై అయిదు నుంచి యాభై అయిదు లోపు వయసు. ఎడమ కోరపంటికీ దాని పక్కపంటికీ మధ్య, అంచు మీద, పెన్సిలు ములుకు పట్టేంత గాడి నున్నగా దిగి ఉంది.

"సుట్ట మేడం," అన్నాడు సర్వేశ్వరరావు ఆమె భుజం పక్కనుంచి వంగి చూసి. "మా తాతకీ అక్కడే గాడి. సచ్చీదాకా సుట్ట ఆ గాడిలోనే ఉండీది. నిద్దర్లో కూడాను."

ఇలాంటి గాడి ఆమె ఇంతకు ముందూ చూసింది. అప్పుడు రాసిందే ఇప్పుడూ రాసింది: పొగాకు అలవాటు. చేట ఎత్తబోతున్న బుధు ఒక్క క్షణం ఆగాడు. గాడి కేసి చూసి, ఆమె కేసి చూసి, దవడని పళ్ళు కిందికి పెట్టి చేటలో బోర్లించాడు. నివేదిక ఒకటిన్నర పేజీ అయింది. పురుషుడు. నలభై అయిదు, యాభై అయిదు మధ్య. సర్వేశ్వరరావు దాన్ని పాలిథిన్ కవరులో పెట్టి చొక్కా లోపల దోపుకుని వానలో వెళ్ళిపోయాడు.

*

శుక్రవారం సంత. సంతరోజున ఆసుపత్రి వరండాలన్నీ బుట్టలతో, తడిసిన దుప్పట్లతో నిండిపోతాయి. మార్చురీ వరండాలోకి మాత్రం ఎవరూ రారు, ఒక్క గాసి తప్ప. ఆ ముసలాయన ప్రతి సంతకీ వచ్చి, చేతికర్ర పక్కన పెట్టుకుని, చివరి మెట్టు మీద కూర్చుంటాడు. బుధుని ఏదో ఒక్క మాట అడుగుతాడు. బుధు తల అడ్డంగా ఊపుతాడు. సాయంత్రం జీపులు కదిలే వేళకి లేచి పోతాడు. ఏడాదికి పైగా ఇదే వరస. కూతురి కోసం తిరుగుతున్నాడని అనురాధకి లీలగా తెలుసు. అంతకు మించి అడగలేదు.

ఆ రోజు అతని పక్కనుంచి మెట్లెక్కి ఒక మనిషి లోపలికి వచ్చింది. పాతికేళ్ళు దాటి ఉంటాయి. నెత్తిన అడ్డతీగ కట్ట ఉంది. దాన్ని గుమ్మం పక్కన దింపి, పేరు రత్న అని చెప్పి, ఎవరూ అడక్కుండానే నేల మీద కూర్చుంది. పొద్దున్నే స్టేషనుకి వెళ్ళిందట. వాగులో దొరికింది మగవాడి ఎముకలని చెప్పి పంపేశారట.

"మగోడని రాసింది మీరేనా డాక్టరమ్మా?"

"నేనే."

ఆమె అక్క పేరు సుక్రి. పోయిన దీపావళికి ముందు ఆ వాగు పక్క అడవికే నారకి వెళ్ళి తిరిగి రాలేదు. చీపుర్ల లారీ డ్రైవరుతో లేచిపోయిందని సుక్రి మొగుడు ఫల్గుణ ఊరంతా చెప్పాడు. మూడు నెలలు తిరక్కుండా ఇంకో మనిషిని తెచ్చుకున్నాడు. సుక్రి పిల్లలిద్దరూ ఇప్పుడు రత్న దగ్గర ఉన్నారు. పెద్దది బడికి వెళ్ళనంటోంది. లారీ హారను వినబడితే చాలు, మీ అమ్మొచ్చిందే అని తోటిపిల్లలు నవ్వుతున్నారట. ఇదంతా రత్న గొంతు పెంచకుండా, నేల మీద వేలితో గీతలు గీస్తూ చెప్పింది.

"సచ్చిపోనాదని తెలిత్తే రాయి ఏత్తారమ్మా మాకాడ. మగోళ్ళకి నిలబెడతారు. ఆడోళ్ళకి పడుకోబెడతారు. లేచిపోనాదన్న మడిసికి ఏ రాయీ నేదు. పిల్లలకి మొక్కుకోడానికి సోటు నేదు."

అనురాధ విషయం వివరించింది. ఎముకలు మగవాడివి, పైగా నడివయసువాడివి. మీ అక్కవి అయ్యే వీలుంటే నీ రక్తం తీసి రెండూ సరిపోల్చడానికి పంపేవాళ్ళు. మగవాడి ఎముకలకి నీ రక్తం పోలిక అడగరు. అందుకే స్టేషనులో పంపేశారు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

రత్న విని, గోడ మీది పట్టిక కేసీ బల్ల మీది కాలిపర్ కేసీ చూసింది. "కొలిత్తే తెలిసిపోద్దా, ఆడో మగో?"

"తెలుస్తుంది."

"అయితే నన్ను కొలండి. నానేటో సూద్దారి."

బతికున్నవాళ్ళకి కండ ఉంటుంది, ఆ కొలత సరిరాదు అని చెప్పి అనురాధ కాగితాలు ముందుకు లాక్కుంది. అది పొమ్మన్నట్టే. రత్న లేచి తీగ కట్ట ఎత్తుకుని వరండాలోకి వెళ్ళింది.

జీపుకి ఇంకా రెండు గంటలుంది. ఈ కొండల మనుషులు ఊరికే కూర్చోరు. కాసేపటికి బయట చర్రుమని గుడ్డ చింపినట్టు చప్పుడైంది. మళ్ళీ ఒకటి. నాలుగోసారికి అనురాధ తలెత్తింది. కిటికీ అవతల రత్న కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. అడ్డతీగ కొసని నోట్లో పెట్టి, పళ్ళ మధ్య బిగబట్టి, తల ఒక పక్కకి వాల్చి, రెండు చేతులతో బెరడుని ఒక్క లాగు లాగింది. చెవి కింద కండ నిమ్మకాయలా పైకి లేచింది. తెల్లటి నార పేలిక ఊడి ఒళ్ళో పడింది. తీగ తిప్పి, కొరికి, మళ్ళీ లాగింది. తాళ్ళు పేనడానికి నార అలాగే తీస్తారు కాబోలు. రెండేళ్ళుగా ఈ వరండాల్లో ఆ చప్పుడు వింటూనే ఉంది గానీ, ఏమిటా అని ఏనాడూ తల తిప్పి చూడలేదు.

అనురాధ లేచి బయటికి వెళ్ళింది. రత్న ముందు గొంతుక్కూర్చుని నోరు తెరవమంది. కుడివైపు కింది కోరపన్ను పక్కన, అంచు మీద, పెన్సిలు ములుకు పట్టేంత గాడి ఉంది.

"ఎన్నేళ్ళ నుంచి తీస్తున్నావు నార?"

"పాలపళ్ళు ఊడి ఈ పళ్ళు రాగానే. ఆడగుంటలందరం అంతే. మగోళ్ళు తియ్యరు, ఆల్లు తాడు పేన్తారు."

"మీ అక్క ఎటువైపు పట్టేది?"

"ఎడమేపు. సిన్నప్పుడు జారిపడి కుడేపు పన్ను కదిలిపోనాది, అందుకని."

అనురాధ లోపలికి వెళ్ళి కాలిపర్ తెచ్చింది. చెవుల కింద మూలల మీద కొమ్ములు గట్టిగా నొక్కి చదివింది. కండకీ చర్మానికీ ఎంత తీసివేయవచ్చో అంతా తీసివేసింది. ఇంకో రెండు అదనంగా కూడా తీసింది. తొంభైతొమ్మిది. మళ్ళీ కొలిచింది. తొంభైతొమ్మిదే. మూడోసారీ అంతే వచ్చింది. ఈసారి మాత్రం ఆ హాయి కలగలేదు.

"ఏటొచ్చింది?" అంది రత్న.

"దీని ప్రకారం నువ్వు మగవాడివి."

రత్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కుమంది. "ఆ మాట మా ఇంటాయనికి సెప్పండి. ఈ ఏటికి ముగ్గురు పిల్లల్ని కన్నాడని మురిసిపోతన్నాడు." నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయింది. చేతిలో తీగ అలాగే ఉండిపోయింది. మెట్టు మీద గాసి వాళ్ళిద్దరి కేసి చూస్తున్నాడు.

*

శనివారమంతా అనురాధ దవడతోనే కూర్చుంది. నమలడం, లాగడం ఎముకలో వేటిని మార్చగలవో వాటినన్నిటినీ పక్కన పెట్టింది. మూలల వెడల్పు పోయింది, గట్లు పోయాయి, పళ్ళ అరుగుదలా పోయింది. ఏ పనీ మార్చలేనివి ఏం మిగిలాయి అని చూసింది. గడ్డం సన్నగా, గుండ్రంగా ఉంది, మగవాళ్ళకి ఉండే చదరం లేదు. కోరపన్ను ఎంత అరిగినా దాని మందం చిన్నప్పుడు ఏర్పడిందే, మారదు. అది చిన్నది. దంతవైద్యం గదిలో ఎక్స్‌రే తీయించింది. పంటి లోపలి గుల్ల వయసు పెరిగేకొద్దీ పూడుకుపోతుంది. ఇందులో ఇంకా వెడల్పుగా, నల్లగా కనబడింది. ముప్ఫై, అటూ ఇటూ.

విషయం సర్వేశ్వరరావుకి ఫోనులో చెప్పింది. అతను, పెద్దవాడిగా చెబుతున్నట్టు, మెల్లగా అన్నాడు: "ఒకపాలి మగోడని రాసీసి, ఇప్పుడు ఆడదంతే రేపు కోర్టులో లాయర్లు మిమ్మల్ని ఉతికి ఆరేత్తారు మేడం. మీ మంచికే సెప్తన్నాను. ఆ గుంట నాలుగు రోజులు తిరిగి ఊరుకుంటాది."

"ఊరుకుంటుందనే కదండీ ఇలా రాసేస్తున్నాం," అంది అనురాధ.

కొత్త నివేదికలో మొదటి వాక్యం రాయడానికి గంట పట్టింది. ఇంతకు ముందు నేనిచ్చిన అభిప్రాయం తప్పు. ఆ తరవాతి వాక్యాలు వాటంతట అవే వచ్చాయి. స్త్రీ. ఇరవై అయిదు, ముప్ఫై అయిదు మధ్య. గాడి గురించి విడిగా ఒక పేరా రాసింది.

సోమవారం సర్వేశ్వరరావే రత్నని జీపులో తీసుకొచ్చాడు. దారిలో టీ కూడా తాగించాడని తరవాత తెలిసింది. రక్తం తీశారు, సీసాకి లక్క వేశారు, పంచనామా మీద వేలిముద్ర వేయించారు. జవాబు రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుందని అనురాధ చెప్పింది. పోలిక కుదిరినా ఎలా పోయిందన్నది ఈ ఎముకలు చెప్పలేవనీ, జారిపడిందో, ఎవరైనా ఏమైనా చేశారో తెలియదనీ కూడా చెప్పింది. రత్న అన్నిటికీ తల ఊపింది. ఒక్కసారి చూస్తానంది.

బుధు చేట తెచ్చి ముందు పెట్టాడు. రత్న దవడని ముట్టుకోలేదు. కొంగు ముడిలోంచి నార పేలిక ఒకటి తీసి, దాన్ని రెండు వేళ్ళతో పురిపెట్టి, గాడిలో ఆనించింది. అది అందులో కూర్చుంది, అక్కడే పుట్టినట్టు. చాలాసేపు అలాగే పట్టుకుంది.

"ఎడమేపే," అంది చివరికి.

వెళ్ళేటప్పుడు ఆ పేలిక అక్కడే వదిలేసింది. మూడు నెలలే కదా, రాయి ఎక్కడికి పోద్ది అని మెట్లు దిగింది.

*

ఆ తరవాతి శుక్రవారం ముసురు విడిచింది గానీ ఎండ రాలేదు. కొండల మీంచి మంచు దిగి సిల్వర్ ఓక్ చెట్ల మొదళ్ళ దాకా కమ్మింది. గాసి వచ్చి తన మెట్టు మీద కూర్చున్నాడు. కిటికీ పక్కన రాసుకుంటున్న అనురాధకి ఈసారి అతని మాట స్పష్టంగా వినబడింది.

"ఆడమడిసేటైనా వచ్చినాదేటి?"

"నేదు తాతా," అన్నాడు బుధు. కాకపోతే ఆ మాట రావడానికి ఎప్పటి కంటే ఎక్కువసేపు పట్టింది.

బుధు లోపలికి వచ్చి, తుడిచిన బల్లనే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. అనురాధ కలం మూసింది.

"ఆ గాడి దేనిదో నీకు మొదటిరోజే తెలుసు కదూ."

"మా యమ్మకుండీది."

"మరి చెప్పలేదేం?"

"మూడుపాల్లు కొలిసారు మీరు," అన్నాడు బుధు, గుడ్డ పిండుతూ. "అంతలా కొలిసినాక నానేటి సెప్తాను?"

అతని గొంతులో నిష్ఠూరం లేదు. అదే ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది. ఇంతకు ముందు కూడా ఇలా జరిగిందా అని అడగబోయి, అడగకుండా లేచి బీరువాలోంచి రిజిస్టరు తీసింది. ఈ మధ్యది కాక, రెండేళ్ళలో దవడ కొలత మీద ఆధారపడి తేల్చినవి మూడున్నాయి. మూడూ పురుషులే. అక్షరాలు పొందికగా, గీత తప్పకుండా, తన చేతివే. పోయిన ఏడు ఆషాఢంలో వచ్చినదాని ఎదుట రాసి ఉంది: కుడి కోరపన్ను వద్ద గాడి, పొగాకు అలవాటు. హక్కుదారులు ఎవరూ రాలేదు. ఖననం చేయడమైనది.

హక్కుదారులు రాలేదు. వరండా చివరి మెట్టు మీద కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్న మనిషి వీపు కిటికీలోంచి కనబడుతోంది.

"దీన్ని ఎక్కడ పూడ్చావు?"

బుధు ఆమె వేలు పెట్టిన చోటు చూశాడు. గుడ్డ బల్ల మీద పెట్టాడు. "రండి," అన్నాడు.

ఆసుపత్రి వెనక ప్రహరీ దాటితే వాలు. అక్కరలేని శవాల్ని పూడ్చేది అక్కడే. తడిసిన ఫెర్న్ ఆకులు మోకాళ్ళకి తగులుతున్నాయి. నంబరు రాసిన రాళ్ళు అక్కడక్కడ నిలబెట్టి ఉన్నాయి, కొన్నిటికి నాచు పట్టి అంకెలు పోయాయి. వాలు చివర, చెట్టు కింద, ఒక రాయి మాత్రం నేల మీద పడి ఉంది. వెడల్పాటి నల్లరాయి. వానకి మట్టి జారి పడిపోయి ఉంటుందనుకుని అనురాధ వంగి, దాని అంచు కింద వేళ్ళు పెట్టింది.

"ఎత్తకండి మేడం," అన్నాడు బుధు. "పడిపోనాది కాదు."

ఆమె వేళ్ళు రాతి కిందే ఉండిపోయాయి.

"కాయితం మగోడంది. నాను ఆడమడిసని సెప్తే ముసిలోడు ఎవులికాడికి ఎల్తాడు? ఎవులి పిల్లో నాకూ తెల్దు. ఆడమడిసని తెలుసు, అంతే. నిలబెట్టడానికి సెయ్యి రాలేదు."

వెనక ఆకుల్లో కర్ర చప్పుడు వినబడింది. గాసి వాళ్ళ వెంటే దిగి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. నిలబెట్టిన రాళ్ళ మధ్యనుంచి ఒక్కొక్కదాన్నీ చూసుకుంటూ వచ్చి, చెట్టు కింద ఉన్నదాని దగ్గర ఆగాడు. దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. అతనికి పట్టిక చదవడం రాదు. రాయి చదవడం వచ్చు. తలగుడ్డ విప్పి చేతిలోకి తీసుకున్నాడు.

"తాతా," అంది అనురాధ. రాతి కింది నుంచి వేళ్ళు తీసుకుంది. "మీ అమ్మాయే అని ఇంకా తెలియదు. తవ్వి చూడాలి. మీ రక్తం తీయాలి. నేను తప్పు రాశాను."

గాసి విన్నట్టే ఉంది. కర్ర మీద ఆనుకుంటూ మెల్లగా కిందికి వంగి, రాయి పక్కన, తడి నేల మీద కూర్చున్నాడు. తలగుడ్డతో రాతి మీది ఆకుల్ని ఒక్కొక్కటే తుడిచాడు.

"ఎవులి పిల్లయితే ఏటమ్మా," అన్నాడు. "ఏడాది బట్టీ ఒక్కర్తే పడుంది."